అత్తయ్య చేతికి లొంగిన మూత

బావ మీటింగు గది గోడ నిండా లక్ష్యాలు అంటించాడు. విప్లవాత్మక మూత. ప్రపంచస్థాయి మూత. మూతల చరిత్రలోనే మలుపు. మందు సీసాలకు మూతలు చేసే ఆ ఫ్యాక్టరీని కట్టింది ఆయన తండ్రి. బావ కనిపెట్టిందల్లా తన కుర్చీకి కొత్త గుడ్డ.

అచ్చులు డిజైన్ చేసే మరదలు ఆ గోడను పాచిపోయిన కూరను చూసినట్టు చూసింది.

“వీటిలో ఏది అయిందో, ఏది కాలేదో ఎలా తెలుస్తుంది బావా?”

“పెద్దగా ఆలోచించాలమ్మాయ్. నువ్వెప్పుడూ చిన్నవాటినే పట్టుకుని వేలాడతావు.”

మేనేజర్లు గంగిరెద్దుల్లా తలలూపారు. ఆమెకు రోత పుట్టింది. ముందురోజే అక్క ఇంట్లో బావ తల్లిని చూసింది. కీళ్ళవాతంతో ఆవిడ వేళ్ళు కొంకర్లు పోయాయి. కొడుకు చేసిన మూత తిప్పలేక, ఒకసారి తెరిపించుకున్న మందు సీసాకు మళ్ళీ మూత పెట్టకుండా చేతిరుమాలు కప్పి ఉంచింది.

“వాడికి చెప్పకమ్మా, బాధపడతాడు,” అంది.

బాధపడే తీరిక ఆయనకెక్కడిది?

మరదలు ఒక కాగితం మీద రాసి బావ ముందు పెట్టింది: ‘వానలు మొదలయ్యేలోపు ఈ మూతను అత్తయ్య ఒక్కర్తే తీయాలి. మీ పాప మాత్రం తీయలేకపోవాలి.’

“ఇదీ ఒక లక్ష్యమేనా? ఇంటి గోలలా ఉంది.”

“ఇంట్లోనే అడిగి తెలుసుకోవచ్చుగా, అయిందో లేదో.”

మొదటి మూత అత్తయ్యకు రాలేదు. తర్వాతది అక్క కూతురు చిటికెలో ఊడబెరికి నవ్వింది. మరదలు రెండూ చెత్తబుట్టలో పడేసి, తిప్పే పద్ధతే మానేసింది. ఈసారి అరచేతుల మధ్య పెట్టి నొక్కితే పైకి లేచే మూత చేసింది. ఆ చిన్న చేతులకు అంత బలం లేదు. పాప కొరికి చూసి, విసిరేసి, ఏడ్చింది. అత్తయ్య నొక్కగానే అది టప్పున లేచింది. ఆవిడ దాన్ని మూసి, మళ్ళీ తీసింది.

“మావాడు చేశాడా?”

“కాదత్తయ్యా, నేను.”

“వాడి ఫ్యాక్టరీలోనేగా,” అని ఆవిడ మురిసిపోయింది.

మర్నాడు మీటింగులో బావ గొంతు సవరించుకున్నాడు. “మా అమ్మ కష్టం చూడలేక ఈ ఆలోచన చేశాను.”

“అత్తయ్యకు ఎన్నాళ్ళ నుంచి కష్టం బావా?” అని అడిగింది మరదలు.

బావ మేనేజర్లకేసి చూశాడు. తల ఊపడానికి వాళ్ళకు ఏమీ దొరకలేదు. ఆమె లేచింది. కింద కొత్త అచ్చు బిగిస్తున్నారని వెళ్ళిపోయింది.