నెనితా టీచర్ ఎక్కడికెళ్ళింది

మా బళ్ళో మొదటి ఏడాదంతా నన్ను ఇంకొకావిడ పేరుతోనే పిలిచారు. పిల్లలే అనుకునేరు, వైస్ ప్రిన్సిపాల్ ఓనుమా గారు కూడా. "నెనితా టీచర్, మూడో తరగతికి టైమయింది" అనేవారు. ఆ తర్వాత నాలిక్కరుచుకుని "అదే, మారివిక్ టీచర్" అని దిద్దుకునేవారు. కొన్నాళ్ళకి దిద్దుకోవడం కూడా మానేశారు. గుమ్మం దగ్గర, బడి లోపల వేసుకునే బూట్లు పెట్టుకునే అరలో నా గూటి మీద ఆవిడ పేరే అంటించి ఉండేది. ఇద్దరిదీ ఫిలిప్పీన్సే. ఇద్దరం జపాన్‌లోని ఈ మంచు ఊళ్ళకి కోడళ్ళుగా వచ్చినవాళ్ళమే. ఇద్దరం పిల్లలకి ఇంగ్లీషు చెప్పేవాళ్ళమే. పని జరిగిపోతే చాలు, మనిషి ఎవరైతే ఏం?

నా పని ఏమిటో చెబితే నవ్వొస్తుంది. క్లాసు టీచరు నా వైపు చెయ్యి చూపిస్తుంది. నేనొక మాట అంటాను, పదకొండు గొంతులు దాన్ని తిరిగి అంటాయి. ఆవిడ తలూపేదాకా అంటూనే ఉంటాను. మధ్యాహ్నం వాళ్ళ పక్కన చిన్న కుర్చీలో ఇరుక్కుని బడి భోజనం తింటాను, తిన్నాక వాళ్ళతో పాటు మోకాళ్ళ మీద వంగి వరండా తుడుస్తాను. స్టాఫ్ మీటింగు మొదలవగానే మాత్రం "మీరిక వెళ్ళచ్చండి" అంటారు. నేను బడి మనిషిని కాను, బళ్ళకి ఇంగ్లీషు టీచర్లని పంపే కంపెనీ మనిషిని. ఇలాంటి బళ్ళు మూడు, కొండ కనుమకి అటూ ఇటూ, మంచులో కారు నడుపుకుంటూ తిరుగుతాను. అయినా రెండో ఏడాదికి నా పేరు నాకు దక్కింది. ఈ దేశంలో పన్నెండేళ్ళుగా ఉంటున్నాను. నన్ను పేరు పెట్టి పిలిచేది మా ఆయనా, ఆ పిల్లలూ. మిగతా ఊరందరికీ నేను కుదో వారి కోడల్ని.

నెనితా టీచర్ ఎక్కడికెళ్ళిందని చేరిన కొత్తలో అడిగాను. "ఇంటి పరిస్థితుల వల్ల" అన్నారు. ఇక్కడ ఆ ముక్క అంటే తలుపు వేసేసినట్టే, ఇంకెవరూ తట్టకూడదు. మేడ మీది ఇంగ్లీషు గదిలో ఆవిడ గీసిన బొమ్మల అట్టలు అలాగే ఉన్నాయి. కూరగాయలు, జంతువులు, వారాలు, అన్నీ గుండ్రటి చేతిరాత. బీరువా అడుగున పాఠాలు రాసుకున్న నోటు పుస్తకం దొరికింది. ఏ రోజు ఏ క్లాసుకి ఏ ఆట ఆడించాలో రాసుకుంది. ఆవిడ మానేసింది మార్చిలోనట. పుస్తకంలో పాఠాలు మే నెల చివరిదాకా ఉన్నాయి. అది చూసిన రోజు నాకు ఆ గదిలో ఒక్కదాన్నే కూర్చోబుద్ధి కాలేదు.

ఇంకా భయం వేసేది పాట వింటే. ఇప్పటి ఆరో తరగతి పిల్లలు ఒకటో తరగతిలో ఉండగా ఆవిడ వాళ్ళకి అంకెల పాట నేర్పింది. వాళ్ళు ఏడు దగ్గర గొంతు సాగదీసి, పది దగ్గర దించుతారు. అది నా యాస కాదు, జపాన్ యాసా కాదు. మా ద్వీపానికి అవతలి ద్వీపం వాళ్ళ సాగతీత. నేను ఎన్నిసార్లు మార్చినా, నేను గది దాటగానే ఆ పిల్లల నోళ్ళలోంచి ఆవిడే పాడుతుంది. పిల్లలు ఊరుకుంటారా? మేడ మీది గదిలో నెనితా టీచర్ దెయ్యమై తిరుగుతోందని కథ కట్టారు. సాయంత్రం బడి వదిలాక మెట్ల కింద నిలబడి వింటే అంకెలు వినిపిస్తాయట. చచ్చిపోయిందని ఎవరు చెప్పారర్రా అంటే, హినాకో అనే అమ్మాయి "మరి బతికుంటే చెప్పకుండా ఎందుకెళ్తుంది టీచర్?" అంది. ఊరు మారిపోయే టీచర్లందరినీ మార్చిలో వేదిక ఎక్కించి పూలిచ్చి పంపుతారు. కంపెనీ మనుషుల్ని పిలవరు. ఆ సంగతి పిల్లకి నేనెలా చెప్పను?

డిసెంబరులో మా అత్తగారు కాత్సుయో పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. అప్పటికి ఏడాదిగా ఆవిడకి మతి నిలకడగా ఉండడం లేదు. ఉన్నట్టుండి "ఇదిగో, వస్తున్నా అత్తయ్యా" అని లేచేది. ఆవిడ అత్తగారు పోయి ముప్ఫై ఏళ్ళయింది. మంచాన పడ్డ ఆ ముసలమ్మకి ఈవిడ పద్నాలుగేళ్ళు చేసిందట. ఆ రోజు కూడా అలాగే పిలుపు వినిపించి లేచింది, వరండాలో జారింది. పిలిచినావిడ మట్టిలో కలిసిపోయింది కానీ, పిలుపు ఇంకా ఈ ఇంట్లోనే ఉంది.

ఆస్పత్రిలో మా ఆయన యసుహికో నన్ను చూడగానే అన్న మొదటి మాట, "నువ్వు ఇంట్లో ఉంటే ఇది జరిగేదా?" నేను కనుమ అవతల నాలుగో తరగతికి రంగుల పేర్లు చెబుతున్నాను. ఆయన పనిచేసే రైతు సహకార సంఘం మా ఇంటికి ఎనిమిది నిమిషాల నడక. ఈ దూరాలెవరూ కొలవలేదు. సెందాయ్ నగరం నుంచి ఆడపడుచు చిజురు వచ్చి నా చేతులు పట్టుకుని, "వదినా, నీకు పిల్లలు కూడా లేరు కదా, కాస్త తీరికే" అంది. మంచి మనసుతోనే అంది. పిల్లల్లేని కోడలు ఇంట్లో ఖాళీ గదిలాంటిది, ఎవరి సామాను వాళ్ళు తెచ్చి పెట్టుకోవచ్చు.

జనవరిలో కంపెనీ వాళ్ళ కాగితం వస్తుంది. వచ్చే ఏడాది కొనసాగుతారా లేదా, నెలాఖరులోగా రాసి పంపాలి. పంపకపోతే మానేసినట్టే లెక్క. ప్రతి ఏడూ వచ్చిన రోజే సంతకం చేసి పంపేదాన్ని. ఈసారి అది బల్ల సొరుగులో ఉండిపోయింది. "ఒక్క ఏడాదేగా, మారీ," అన్నాడు యసుహికో. "అమ్మ కోలుకున్నాక మళ్ళీ చేరచ్చు. బడి ఎక్కడికి పోతుంది?" ఆయన చెడ్డవాడు కాదు. గట్టిగా అరవడు, తాగి రాడు. అందుకే కాదనడానికి నాకు నోరు రాదు. అత్తగారంటే ఇష్టం లేక కూడా కాదు. నేను కొత్తగా వచ్చినప్పుడు ఆవిడే నాకు మంచు తొయ్యడం నేర్పింది, చలికి పగిలిన నా చేతులకి రోజూ నూనె రాసింది. ఆవిడకి చెయ్యకపోతే నేను మనిషినేనా అని ఒక పక్క, ఒకసారి ఆవిడ గదిలోకి వెళ్తే తలుపు నా వెనకాల మూసుకుంటుందని ఇంకో పక్క. పద్దెనిమిది రోజులు అలా గడిపాను.

ముసలివాళ్ళని చూసుకునే ఇళ్ళవాళ్ళకి ఊళ్ళోని వృద్ధుల సంరక్షణ కేంద్రంలో నెలకోసారి సమావేశం ఉంటుంది. ముసలివాళ్ళ సంరక్షణకి ఏర్పాట్లు చూసే కేర్ మేనేజర్ సవాతారి గారు బలవంతం చేస్తే వెళ్ళాను. తొమ్మిది మందిమి, అందరం ఆడవాళ్ళమే. టీ తాగుతూ పరిచయాలు చెప్పుకున్నారు. ఫలానా వారి కోడలు, ఫలానా వారి కోడలు. నా ఎదురుగా చిన్న మనిషి, కళ్ళ కింద నల్లగా, "సతకే వారి కోడల్ని" అని తల వంచింది. ముఖం చూస్తే మా దేశపు మనిషే. అయిపోయాక బూట్లు తొడుక్కుంటుంటే నా పక్కకి వచ్చి, మా భాషలో చాలా మెల్లగా అడిగింది.

"చెల్లీ, నువ్వు కొండ మీది బళ్ళో చెబుతావంట కదా. మేడ మీది గదిలో కిటికీ ఇప్పటికీ గట్టిగా లాగితే గానీ పడదా?"

నెనితా టీచరే. నాలుగేళ్ళకి పైగా ఏ మనిషి చేతిరాత పక్కన పాఠాలు చెప్పానో ఆ మనిషి కనుమకి ఇటువైపే, మా ఇంటికి కారులో పావుగంట దూరంలో ఉంది. ఒక్కసారి కూడా మా బళ్ళో ఎవరికీ కనపడలేదు. ఆ ఇంటికీ ఈ కేంద్రానికీ తప్ప తిరగదట. పిల్లల పేర్లు ఒక్కొక్కటే అడిగింది. హినాకో పొడుగైందా అంది. ఇంగ్లీషులో మాట్లాడబోయాను, తల అడ్డంగా ఊపింది. "రావడం లేదు చెల్లీ. వాడక పోయింది. మన భాషే తడుముకుంటున్నా." మా భాషలో కూడా మాట మాటకీ ఆగుతోంది.

నేను నా సంగతి చెప్పాను. ఒక్క ఏడాదే అంటున్నారని చెప్పి, "మీ అత్తగారికి ఇప్పుడెలా ఉంది అక్కా?" అన్నాను.

"ఆవిడ పోయి మూడేళ్ళయింది."

మరి ఎవరి కోసం ఈ సమావేశానికి వచ్చినట్టు?

"ఆవిడ పోయే ముందే మామగారికి పక్షవాతం వచ్చింది. అలవాటైన చెయ్యి కదా అన్నారు, ఇప్పుడు ఆయనకి చేస్తున్నా. ఆయన తర్వాత పక్కింట్లో పినత్తగారు ఉన్నారు, ఒంటరి మనిషి. మొన్న కొత్త సంవత్సరానికి అందరూ కూర్చుని అది కూడా అనుకున్నారు." ఇదంతా ఎవరి మీదా కోపం లేకుండా చెప్పింది. "నన్నూ ఒక్క ఏడాదే అన్నారు. అబద్ధం ఆడలేదు పాపం. ప్రతి ఏడూ ఒక్క ఏడాదే అంటారు."

బండి టైమయిందని వెళ్ళిపోయింది. నేను కారులో కూర్చుని చాలాసేపు తాళం తిప్పలేదు. ఏడ్చాను. ఆవిడ కోసం ఏడుస్తున్నాననుకున్నాను కానీ నిజానికి నాకోసమే.

మర్నాడు బడికి వెళ్తే ఓనుమా గారు లేచి మరీ వంగి నమస్కారం పెట్టారు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ పెట్టలేదు. "మీ ఆయన ఫోన్ చేశారండి. ఇంటి పరిస్థితుల వల్ల మార్చితో మానేస్తున్నారటగా. ఈ రోజుల్లో ఇలాంటి కోడలు దొరకడం అదృష్టం" అన్నారు. వచ్చే ఏడాది టైమ్ టేబుల్ బోర్డు మీద ఉంది. నా గళ్ళలో 'కొత్త టీచర్' అని రాసి ఉంది. నాకేం అనిపించిందో సరిగ్గా చెప్పాలంటే, కోపం కాదు. నా కళ్ళతో నేనే నా ఖాళీ కుర్చీని చూస్తున్నట్టు అనిపించింది. మేడ మీద తిరిగేది నెనితా అనుకున్నాను ఇన్నాళ్ళూ.

"ఫోన్ చేసింది ఆయన. ఉద్యోగం నాది," అన్నాను. "నేను మానడం లేదు."

ఓనుమా గారు అటూ ఇటూ చూశారు. ఇంట్లో మాట్లాడుకుని చెప్పండి అన్నారు. మాట్లాడుకోవడం అయిపోయిందన్నాను. ఆ మధ్యాహ్నమే ఆ కాగితం మీద సంతకం చేసి, పోస్టు డబ్బాలో పడ్డ చప్పుడు వినిపించేదాకా నిలబడి వేశాను.

శనివారం సవాతారి గారు మా ఇంటికి వచ్చారు. అత్తగారిని అంతకు ముందురోజే ఇంటికి తెచ్చాం. అత్తగారి మంచం పక్కనే బల్ల వేసుకుని కూర్చున్నాం, యసుహికో, నేను, సవాతారి గారు. వారంలో ఏ రోజులు కేంద్రానికి పంపాలి, ఏ రోజు నర్సు వస్తుంది, అన్నీ రాసుకున్నారు. చివరి కాగితం మా ముందుకి జరిపి, ఇక్కడ సంతకం బదులు వేసే ఇంటి ముద్ర వెయ్యమన్నారు. ముఖ్యంగా చూసుకునే వ్యక్తి అన్న చోట ముందే పెన్సిలుతో రాసి ఉంది, 'పెద్ద కొడుకు భార్య' అని. పేరు కూడా లేదు. ఎవరినీ అడిగి రాయలేదు, ఎవరూ అడగాలని అనుకోనూ లేదు.

నేను నా సంచీలోంచి రబ్బరు తీసి దాన్ని చెరిపేశాను. శుభ్రంగా చెరిపాను, పొడి ఊదాను. పెన్నుతో రాశాను. 'కొడుకు, కుదో యసుహికో'.

"ఇదేంటి?" అన్నాడు యసుహికో.

"మీ ఆఫీసు ఎనిమిది నిమిషాల దూరం. నా బడి కనుమ అవతల," అన్నాను. "నేనూ చూస్తాను, బడి నుంచి వచ్చాక. కానీ ఇక్కడ పేరు మీది. నేను కంపెనీకి సంతకం చేసి పంపేశాను."

"నాకు చెప్పకుండానా?"

"మీరు ఓనుమా గారికి ఫోన్ చేసినట్టే."

సవాతారి గారు కాగితాలు సర్దుతున్నట్టు తల వంచుకుని, "మగవాళ్ళకీ దీనికి సెలవులుంటాయండి. ఎవరూ అడగరంతే," అన్నారు. యసుహికో చెవులు ఎర్రబడ్డాయి. పరాయి మనిషి ముందు గట్టిగా మాట్లాడే అలవాటు ఆయనకి లేదు. స్నానం చేయించడం, బట్టలు మార్చడం, ఇవన్నీ తనకెక్కడ వచ్చని గొణిగాడు.

మంచం మీంచి అత్తగారు అంతా వింటున్నట్టుంది. ఆ రోజు ఆవిడ కళ్ళు తేటగా ఉన్నాయి. నన్నెవరు చూస్తారట అని అడిగింది. మీ అబ్బాయి అన్నాను. ఆవిడ కొడుకు వైపు తల తిప్పి చాలాసేపు చూసింది. యాభై ఏళ్ళ మనిషి ఆ చూపుకి తల దించుకున్నాడు.

"వాడికి నేను ఏ పనీ నేర్పలేదే," అంది.

"నేను నేర్పుతాను అత్తయ్యా," అని ముద్ర ఆయన ముందుకి జరిపాను.