తూర్పు గోడకి మూడు కోటింగులు

నగర మహిళా కమిషన్ ఆఫీసులో శనివారం విచారణలుండవు. ఆ రోజు గోడకి రంగు వేస్తారు. పదకొండేళ్లుగా ఆ పని రంగుల బాబాయిదే. పొద్దున్నే నిచ్చెన భుజానేసుకుని మూడో అంతస్తుకి మెట్లెక్కి వస్తాడు. నిచ్చెన లిఫ్టులో పట్టదంటాడు గానీ, అసలు సంగతి లిఫ్టంటే భయం. విచారణ గదిలో కుర్చీలు ఒక పక్కకి జరిపి, నేల మీద పాత పేపర్లు పరిచి, నడుం మీద చెయ్యి పెట్టుకుని తూర్పు గోడ వైపు చూస్తాడు, ఈ వారం పని ఎంత పడిందా అని.

ఆ గదిలో కూర్చుని ఏ ఆడమనిషైనా తనకి జరిగింది మొదట్నుంచి చివరిదాకా చెప్పేస్తే, ఒంటి మీద దెబ్బ ఆమెని వదిలి తూర్పు గోడ మీదకి వెళ్తుంది. కమిషన్ పెట్టిన కొత్తల్నుంచీ అంతే. సోమవారం వచ్చేవాళ్లు ఇంకొకరి దెబ్బల్ని చూస్తూ కూర్చోకూడదని శనివారం రంగు వేయిస్తారు. పసుపు తిరిగిన దెబ్బకి ఒక కోటింగు చాలు. నీలానికి రెండు. నల్లగా కమిలిన దానికి మూడు పడాల్సిందే.

"తెల్లరంగు డబ్బాలు ఇంకో రెండు తెప్పించమ్మా. వరస సెలవులొచ్చాయంటే ఆ తర్వాత వారం నాకు నడుం పడిపోతుంది" అంటూ ఉంటాడు బాబాయి.

ఫిర్యాదులు వినే ఆవిడని అందరూ పెద్దక్క అంటారు. వయసులో బాబాయి కూతురంత ఉంటుంది. ఆవిడ పెట్టిన పద్ధతి ఒకటుంది. వచ్చిన మనిషికి ముందు టీ, ఆ తర్వాత కింది అంతస్తులో డాక్టరమ్మ పరీక్ష, ఆ కాగితం చేతికొచ్చాకే మాట. ముందే చెప్పేస్తే దెబ్బ గోడకి పోతుంది, డాక్టరమ్మకి చూపించడానికి ఒంటి మీద ఏమీ మిగలదు.

ఆ శనివారం సెలవైనా పెద్దక్క వచ్చింది. మూల కుర్చీలో తల పట్టుకుని కూర్చుంది.

"ఏంటమ్మా, ఒంట్లో బాలేదా?"

"నా బుర్రే బాలేదు బాబాయ్. గురువారం ఒక పిల్ల వచ్చింది. డాక్టరమ్మ రావడం ఆలస్యమైంది. టీ గ్లాసు ఇలా చేతికిచ్చానో లేదో, మొదలెట్టేసింది. ఆపుదామనుకున్నాను. ఎలా ఆపను? మూడేళ్లుగా ఎవరికీ చెప్పలేదట. గ్లాసులో టీ చల్లారిపోయింది, వీపు మీది దెబ్బ గోడకి వెళ్లిపోయింది."

"అయితే ఇప్పుడేంటి?"

"సోమవారం మొగుడొస్తాడు. ఏదీ దెబ్బ చూపించమంటాడు. చూపించలేకపోతే ఆ పిల్ల మళ్లీ ఆ ఇంటికే, వాడి దగ్గరికే వెళ్లాలి. గోడని లెక్కలోకి తీసుకోవాలంటే ఆ చెయ్యి ఫలానా వాడిదని గుర్తుపట్టి చెప్పే మనిషి కావాలి. మూసిన తలుపు లోపల జరిగినదానికి మనిషిని ఎక్కణ్ణుంచి తేను?"

బాబాయి అయ్యో పాపం అంటూనే బ్రష్షు ముంచి గోడ వైపు తిరిగాడు. కిటికీ పక్కన, తన ఛాతీ ఎత్తులో, ఒక చెయ్యి పడి ఉంది. నల్లగా, అయిదు వేళ్లూ విచ్చుకుని. అయిదు కాదు, నాలుగున్నర. నడిమి వేలు సగంలో ఆగిపోయింది.

బాబాయి ఒక అడుగు దగ్గరికి జరిగాడు.

ఆ వేలు తెగింది తన చేతి వల్లే. కొడుక్కి మూడేళ్లప్పుడు, ఏదో తొందరలో ఇనప తలుపు లాగాడు, పిల్లాడి వేలు మధ్యలో ఉందని చూసుకోలేదు. నలభై రోజులు కట్టు తనే మార్చాడు, అన్నం తనే తినిపించాడు. ఆ సగం వేలిని ఎన్నిసార్లు ముద్దు పెట్టుకున్నాడో లెక్కలేదు. లోకంలో అన్ని చేతులూ ఒక గోడ మీద వేసినా అతను దాన్ని పోల్చుకోగలడు.

కోడలు పుట్టింటికి వెళ్లిందని గురువారం కొడుకు చెప్పాడు. వెళ్లింది ఇక్కడికా!

కొడుకూ కోడలూ పై పోర్షన్‌లో ఉంటారు, తనూ భార్యా కింద. పైనుంచి అప్పుడప్పుడూ ధబధబా చప్పుళ్లొచ్చేవి. ఏంట్రా అంటే, కుర్చీలు జరుపుతున్నాం నాన్నా అనేవాడు. బాబాయి నమ్మాడు. నమ్మి ఊరుకోలేదు, బజారుకెళ్లి కుర్చీ కాళ్లకి రబ్బరు తొడుగులు కొనుక్కొచ్చి కోడలి చేతిలో పెట్టాడు. ఆ పిల్ల వాటి వైపు కాసేపు చూసి "సరే మామయ్యా" అంది. ఆ మాట బాబాయికి ఇప్పుడు గుర్తొచ్చింది.

మూడు కోటింగులు వేస్తే పోతుంది. ఎవరికీ తెలియదు. పరువు నిలుస్తుంది, కొడుకు నిలుస్తాడు. బ్రష్షు వెళ్లి ఆ చేతి బొటనవేలి మీద ఆనింది కూడా. తెల్లరంగు ఒక చార కారింది. బాబాయి దాన్ని భుజం మీది తుండుతో గబగబా తుడిచేసి, వెనక్కి తిరిగి అన్నాడు.

"ఇదొక్కటీ వదిలేస్తానమ్మా. సోమవారం నేనొస్తాను. ఆ చెయ్యి నాకు తెలుసు."

పెద్దక్క లేచి నిలబడింది. ఎవరిదని అడగబోయి, అతని మొహం చూసి అడగలేదు.

ఆదివారమంతా బాబాయి మంచం మీదే ఉన్నాడు. భార్య రెండుసార్లు ఏమైందండీ అంది. ఆమె ఎడమ దవడ మీద చిన్న నల్లమచ్చలు నాలుగున్నాయి. పుట్టుమచ్చలని ఇంట్లో అందరికీ తెలిసిందే, మచ్చలదానా అని బాబాయి ముద్దుగా పిలుస్తాడు కూడా. ఆ రోజు అలా కూడా పిలవలేదు. నా ఇంట్లో ఇలాంటివాడు ఎలా తయారయ్యాడు, నేనేనాడైనా చెయ్యెత్తానా అని కుమిలిపోయాడు. దొంగ ఏడుపు కాదది. నిజంగానే అలా అనుకున్నాడు.

సోమవారం కొడుకు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల్లిని వెంటబెట్టుకుని వచ్చి, పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఎదురుగా కోడలు. చేతులు ఒళ్లో పెట్టుకుని నేల చూస్తోంది.

"ఒక్క దెబ్బ చూపించమనండి మేడమ్, ఇప్పుడే ఒప్పుకుంటాను" అన్నాడు కొడుకు.

అప్పుడు తలుపు తీసుకుని బాబాయి లోపలికొచ్చాడు. నిచ్చెన లేకుండా, డబ్బా లేకుండా, ఉతికిన బట్టల్లో. కొడుకు ముందు నవ్వాడు, నాన్న తన తరఫున వచ్చాడనుకుని.

బాబాయి గోడ దగ్గరికెళ్లి సగం వేలి మీద తన వేలు పెట్టాడు.

"ఇది నా కొడుకు చెయ్యి. ఈ వేలు తెగిన తలుపు వేసింది నేను. రాసుకోండమ్మా."

కోడలు తలెత్తింది. కొడుకు మొహంలో నెత్తురు చుక్క లేదు. తర్వాత తల్లి భుజం పట్టుకుని ఊపాడు.

"అమ్మా, నాన్నకి మతి పోయింది. నువ్వు చెప్పు. మనింట్లో ఎప్పుడైనా, ఎవరైనా, ఎవరిమీదైనా చెయ్యి చేసుకున్నారా?"

ఆమె నోరు తెరిచింది. లేదు అనడానికే తెరిచిందని అందరికీ తెలుస్తూనే ఉంది. కానీ ఆమె కళ్లు గోడ మీది సగం వేలి దగ్గర ఆగిపోయాయి.

"ఈ వేలు తెగిన రోజే" అంది.

పెద్దక్క కొత్త కాగితం తీసింది.

"వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చాను. పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఆయన ఇటు తిరిగి, పిల్లాణ్ణి చూసుకోవడం కూడా చేతకాదా అని ఒక్కటిచ్చారు. తలుపు వేసింది ఆయనే కదా అన్నది నోటిదాకా వచ్చింది. అనలేదు. ఆస్పత్రిలో నర్సు దవడకేమైందని అడిగితే పుట్టుమచ్చలన్నాను. అదే నిలిచిపోయింది. మళ్లీ ఎప్పుడూ కొట్టలేదండీ ఆయన, అబద్ధమెందుకు. అవసరం పడలేదు. గొంతు పెంచితే చాలు, నేను ఊరుకునేదాన్ని. వీడు ఏడుస్తూనే అంతా చూశాడు."

ఆమె చెప్పడం ఆపేసరికి దవడ శుభ్రంగా ఉంది. గోడ మీద, కొడుకు చేతి పక్కన, ఇంకో చెయ్యి తేలింది. పాతది, అంచులు పసుపు తిరిగినది, పెద్దది. చిన్నప్పట్నుంచీ బ్రష్షు పట్టీ పట్టీ పక్కకి తిరిగిపోయిన బొటనవేలు.

బాబాయి తన చేతి వైపు చూసుకోలేదు. చూసుకోవాల్సిన పని లేదు. ఇనప తలుపు చప్పుడు, పిల్లాడి ఏడుపు, తన కాళ్ల పరుగు, ముప్ఫై ఏళ్లుగా అన్నీ గుర్తున్నాయి. మధ్యలో ఈ ఒక్కటీ ఎలా జారిపోయిందో అతనికి అంతుపట్టలేదు. నలుగురి ముందూ ఎన్ని వందలసార్లు మచ్చలదానా అని నవ్వుతూ పిలిచాడు!

పెద్దక్క కలం ఆగింది. ఆవిడకి అడగాలని లేదు. కానీ పద్ధతి ఆవిడ పెట్టిందే.

"ఈ రెండో చెయ్యి గుర్తుపట్టేవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

భార్య అతని వైపు చూడలేదు. కొడుకు చూశాడు, కోడలు చూసింది.

"నాదే" అన్నాడు బాబాయి. గొంతు పెంచలేదు.

వారం తిరక్కుండా ఆర్డరు వచ్చింది. పై పోర్షన్ కోడలికి, కొడుకు ఆ వీధిలో అడుగు పెట్టకూడదు. సూట్‌కేసు సర్దుకుని అతను తండ్రికి చెప్పకుండానే వెళ్లిపోయాడు. ఆ మధ్యాహ్నం కోడలు ఆటో దిగింది. కింది గదిలో భార్య రెండు చీరలూ దుప్పటీ మడత పెట్టుకుంటోంది.

"ఎక్కడికే?" అన్నాడు బాబాయి.

"పైకి. పిల్ల ఒక్కతే ఉంటుంది." గుమ్మం దగ్గర ఆగి, అలవాటుగా దవడ తడుముకుంది. "నాకూ అక్కడ బావుంటుందండీ."

"మళ్లీ ఎప్పుడొస్తావు?"

ఆమె ఆలోచించింది. నిజంగానే ఆలోచించి, "తెలీదు" అని మెట్లెక్కింది.

బాబాయి మంచం మీద కూర్చున్నాడు. కాసేపటికి పైన ఇద్దరాడవాళ్లు గది సర్దుకోవడం మొదలెట్టారు. ఏదో మాట, చిన్న నవ్వు, ఆ తర్వాత నేల మీద కీచుమని పొడుగాటి చప్పుడు, ఆగి మళ్లీ ఇంకోటి.

అతను తల పైకెత్తి విన్నాడు. కుర్చీ జరిపితే వచ్చే చప్పుడు అది. ఈ మూడేళ్లలో ఒక్కసారి కూడా అతను దాన్ని వినలేదు.