ఏడు రాళ్లు, నాలుగు మెతుకులు

విజయవాడ నుంచి శంషాబాద్ చేరేసరికి మా భోపాల్ విమానం మరునాడు మధ్యాహ్నానికి మారింది. భోపాల్ సభలో మూఢనమ్మకాల గురించి నేను ప్రసంగించాలి. కొత్తూరు దాటాక గుట్ట మీద ఉన్న పాత సరాయిలో నేనూ, నా భార్య నాగమణీ దిగాము.

సరాయిని చూసుకునే చెన్నయ్య వెంటనే అక్కడి ఆచారం వివరించాడు. బయలుదేరే ముందు గడప పక్కన ఏడు రాళ్లు ఒకదానిపై ఒకటి పేర్చాలట. చాయ్ తాగడం పూర్తయ్యేలోపు అవి కూలితే ఆ రోజు ప్రయాణం మానుకోవాలట.

"నిన్న ఇద్దరివి కూలినయి సార్. ఇద్దరూ ఆగిన్రు."

నాగమణి ముఖం గంభీరమైంది. "రేపు మనమూ పేర్చాలి. కూలితే నేను విమానం ఎక్కను. మిమ్మల్నీ ఎక్కనివ్వను."

పొద్దున వరండాలో కూర్చుని పరిశీలించాను. ఒక కుటుంబం రాళ్లు పేర్చింది. చెన్నయ్య చాయ్ తేకుండా ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడు. ఇంతలో పెద్ద విమానం ఒకటి గుట్ట మీదుగా లేచింది. కిటికీ రెక్కలు గడగడలాడాయి, రాళ్లు కూలాయి. ఆ తర్వాత చాయ్ వచ్చింది, ఆ కుటుంబం మరో రోజుకు గది అద్దె కట్టింది.

అతణ్ణి పక్కకు పిలిచాను. "విమానాల వేళలు మీకు కంఠతా వచ్చు కదూ?"

"రాకుంటెట్ల సార్? మా ఇంటామె అనంతమ్మ పొయ్యి ముట్టిచ్చేది గవ్వి చూసే."

"ఈ సంగతి మా ఆవిడకు చెప్పనా?"

"చెప్పుండ్రి. అమ్మ మీ మాట ఇంటదా?"

నలభై ఏళ్ల సంసారానుభవంతో ఆ ఆలోచన మానుకున్నాను.

పదింటికి అనంతమ్మ అన్నం, పప్పు వడ్డించింది. అన్నం మెత్తగా ఉడికింది. చిన్నప్పుడు గాలిపటాలు అంటించింది మెతుకులతోనే. నాలుగు మెతుకులు రుమాలులో దాచి, పేర్చేటప్పుడు రాళ్ల మధ్య నొక్కాను. ఘర్షణను పెంచడం మోసం కాదని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

విమానం వచ్చింది, వెళ్లింది. రాళ్లు కదలలేదు.

"ఏందిది! ఇయ్యాల చిన్న ఇమానం పంపిన్రా?" అని చెన్నయ్య నోరు తెరిచాడు.

చాయ్ ముగించి, రాళ్లకు దండం పెడదామని నాగమణి వంగింది. వంగినది లేవలేదు.

"ఏమండీ, ఈ చీమలన్నీ కూడా భోపాలేనా?"

పై రాయిని ఎత్తింది. దాని కింద రాయి కూడా అంటుకుని వచ్చింది. చెన్నయ్య తువ్వాలుతో నోరు మూసుకున్నాడు. "సార్, గింత తెలివి నాకు గూడ రాలే!"

"శకునాన్ని నమ్మని మనిషి శకునానికి అన్నం పెట్టారా?" అంది నాగమణి.

మధ్యాహ్నపు విమానం ఇక లేనట్టే అనుకున్నాను.

ఆమె చెన్నయ్య వైపు తిరిగింది. "చాయ్ అయ్యేదాకా రాళ్లు నిలిచాయి కదా? మెతుకులు పెట్టకూడదని పెద్దలెవరైనా చెప్పారా?"

"చెప్పలేదమ్మా."

"అయితే పదండి. కానీ భోపాల్‌లో మీ ప్రసంగం ఈ సంగతితోనే మొదలవ్వాలి. ముందు వరుసలో కూర్చుని వింటాను."

కారులో కాగితాలు తీసి మొదటి పేజీ కొట్టేశాను.

"చీమల్ని మరిచిపోకండి," అంది నాగమణి, అద్దంలోంచి బయటికి చూస్తూ.