గడపకు ఇవతలి పొయ్యి

మనిషి పాదంలో ఇరవై ఆరు ఎముకలుంటాయని డాక్టరమ్మ ఒక ప్లాస్టిక్ పాదాన్ని నా చేతిలో పెట్టి చెప్పింది. చూలై పేటలో మా ఇల్లు ఉమ్మడి కుటుంబంగా ఉన్న రోజుల్లో కూడా అంతమంది లేరు. పద్ధతి మాత్రం అదే. బరువంతా వెనకాల కనబడకుండా ఉండే మడమ ఎముక మోస్తుంది, మెట్టెలు ముందున్న వేళ్ళకు పెడతారు.

"మడమ నుంచి వేళ్ళ మొదళ్ళ దాకా విల్లుకు నారి కట్టినట్టు ఒక గట్టి పొర ఉంటుంది. రాత్రంతా ముడుచుకుని ఉండి, మీరు పొద్దున కాలు కింద పెట్టగానే ఒక్కసారిగా సాగుతుంది. ఆ మొదటి అడుగు నొప్పి దానిదే. రోజూ ఎంతసేపు నిలబడతారు?"

"వంట ఎంతసేపైతే అంతసేపు."

"ఎలాంటి నేల?"

"కడప బండ."

"కాళ్ళకు ఏం వేసుకుంటారు?"

"మెట్టెలు."

ఆమె నవ్వలేదు. పిక్కలు సాగదీసే వ్యాయామం చెప్పింది. చన్నీళ్ళ సీసాను పాదం కింద దొర్లించమంది. తడి కాలితో నేల మీద అడుగేసి చూసుకోమంది. మధ్యలో వంపు కనబడకుండా పాదమంతా అచ్చు పడితే అరికాలు చదునైపోయిందన్న మాట, నొప్పికి అదీ ఒక కారణమేనట. చివరికి అసలు మాట చెప్పింది. ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకోవాలి, వంటింట్లో మరీ ముఖ్యం. ఒట్టి కాళ్ళతో బండ మీద నిలబడితే మిగతావేవీ పనిచేయవు, అప్పుడిక మడమలోకి సూది వేయాల్సిందే.

నా మడమలోకి సూది దిగనివ్వకూడదని ఆ కుర్చీలోనే తీర్మానించుకున్నాను. దారిలో నీలం రంగు ఎం.సి.ఆర్. మెత్తరబ్బరు చెప్పులు కొనుక్కుని ఇంటికొచ్చాను.

మా వంటింట్లో తూర్పు గోడకు దేవుడి బీరువా ఉంది. బీరువాకు ఎదురుగా స్టూలు మీద మా అత్తగారు కన్యకమ్మ ఉంటారు.

"చెప్పులేసుకోని వంటింట్లోకా? దేవుడుండే చోటికా?" అన్నారు. "నేను ప్రాణాలతో ఉండంగా జరగదు. గడపకు ఆ పక్క నీ ఇష్టం. హాల్లో ఏసుకో, నడవలో ఏసుకో, మిద్దె మీద ఏసుకో. ఎవరు వద్దన్నారు?"

"మిద్దె మీద వంట చేయను గదా అత్తా."

"ఇటుక కాల్చి, దాని మీద జిల్లేడాకు పరిచి మడమ ఆనించు. మా అమ్మ అట్లనే చేసేది."

"తగ్గిందా ఆమెకు?"

"ఆమె ఎప్పుడూ చెప్పలే."

ఇటుక కాల్చాను. మడమ ఆనించాను. ఇటుక వేడికి కాసేపు మడమ నొప్పి మరిచిపోయిన మాట నిజమే. మేజోళ్ళు వేసుకుంటే కడప బండ మీద జారాను. గోనెపట్టా పరిస్తే అంట్లగిన్నెతో సహా తట్టుకుని పడబోయాను. మా ఆయన సుందరంతో చెప్పుకున్నాను. ఆయనది స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్టు.

"అమ్మ చెప్పేదీ న్యాయమే, డాక్టర్ చెప్పేదీ న్యాయమే," అన్నారు. బేరానికొచ్చిన ఇద్దరికీ ఒకే రేటు చెప్పి లోపలికి వెళ్ళిపోవడం కొట్లో అలవాటు.

సరే. గడపకు ఆ పక్క నా ఇష్టమని అత్తగారే అన్నారు గదా. ఆ మాటనే పట్టుకున్నాను.

మర్నాడు పొద్దున, పండగలప్పుడు వాడే ఒంటి పొయ్యిని, చిన్న సిలిండర్‌ను నడవలోకి మార్చాను. సరిగ్గా గడపకు ఇవతల, పాత చెక్క బల్ల మీద. మా అమ్మాయి మధుమిత కాలేజీకి వెళ్తూ ఆగింది. "అయ్యో అమ్మా, పాట్టి కొన్నుడువాంగ!" అని, నానమ్మ చంపేస్తుందని తమిళంలో హెచ్చరిస్తూనే బల్లకు రెండో వైపు పట్టుకుంది.

నీలం చెప్పులు వేసుకుని పొయ్యి వెలిగించాను.

"ఏంది మే ఇది?" అన్నారు అత్తగారు లోపలి నుంచి.

"మీరు చెప్పిన చోటే అత్తా. కాస్త ఆ పోపులడబ్బా అందిస్తారా? నేను లోపలికి రాకూడదు గదా."

అందించారు. తరవాత చింతపండు అడిగాను. తరవాత కందిపప్పు, గరిటె, ఇంగువ. ఒకేసారి అడగొచ్చు. కానీ వంటలో ఏ వస్తువు గుర్తుకు రావలసిన వేళకు అది గుర్తుకు వస్తుంది.

పై వాటాలో అద్దెకుండే నాగలింగం గారు వీధిలోకి వెళ్ళాలంటే మా నడవలోంచే వెళ్ళాలి. ఇంట్లో ఎవరైనా పోతే లోపలి పొయ్యి వెలిగించకపోవడం మావాళ్ళలో ఆనవాయితీ. ఆయన నడవలో పొయ్యిని చూశారు, నా ముఖం చూశారు, చెప్పులు విడిచి చేతులు కట్టుకున్నారు.

"పెద్దమ్మ ఎప్పుడు పోయినారమ్మా?" అన్నారు గొంతు తగ్గించి. "మాకొక మాట చెప్పకూడదా?"

"ఎవరు పోయింది?" అని గడపలోంచి అత్తగారి గొంతు లేచింది. "నేనీడ ఉప్పుజాడీ ఎత్తుకోని నిలబడుండా, కనబడలా నీకు?"

ఆయన చెప్పులు చేత్తో పట్టుకునే వీధిలోకి పరుగెత్తారు.

అత్తగారు ఉప్పు ఇచ్చి వెనక్కి తిరగబోయి తలుపు పట్టుకున్నారు. కుడి మడమ కింద ఆనకుండా, పాదం అంచు మీద బరువు వేసి నిలబడ్డారు. రోజూ పొద్దున మంచం దిగి నేను నిలబడేదీ అట్లాగే.

"మడమా అత్తా?"

"ఏం లే. నిలబడి వండే ఆడదానికి ఉండేదే. దానికొక పేరు పెట్టేదానికి డాక్టరా?"

నేనింక ఏమీ అడగలేదు. కరివేపాకు కూడా అడగలేదు. ఆ రోజు చారులో కరివేపాకు లేదు.

మధ్యాహ్నం మా ఆయన భోజనానికి వచ్చేసరికి తీర్పు సిద్ధంగా ఉంది.

"రేయ్ సుందరం, దేవుడి బీరువా హాల్లోకి మార్చు. టీవీ ఉండే చోట తూర్పు గోడే గదా."

"మరి టీవీ?"

"దానికి ఏ దిక్కైతే ఏం? వీధంతా నన్ను సాగనంపేదానికి తయారుగా ఉంది, నీకు టీవీ కావాల్సొచ్చిందా? ఇంక హాల్లో చెప్పులు కూడదు. నీ బూట్లు కూడా బయటే."

ఆయన నావైపు చూశారు. నేను చారు వడ్డించడంలో మునిగి ఉన్నాను.

సాయంత్రం బీరువా హాల్లోకి చేరింది. నేను నీలం చెప్పులతో గడప దాటబోతుంటే "ఆగు" అన్నారు అత్తగారు. చెప్పులు విప్పించి, పసుపునీళ్ళతో కడిగి, కొత్త స్టీలు బిందెకు పెట్టినట్టు వాటికి కుంకుమ బొట్లు పెట్టి, "ఇప్పుడు ఏసుకో" అన్నారు.

వేసుకుని బండ మీద నిలబడ్డాను. నొప్పి ఉంది. కానీ మడమకూ కడప బండకూ మధ్య ఇప్పుడు బొట్టు పెట్టుకున్న మరొకరు ఉన్నారు.

అత్తగారు పసుపునీళ్ళ తడి కాళ్ళతో హాల్లోకి, దేవుడి దగ్గరికి నడిచారు. బండ మీద ఆమె అడుగులు వరసగా పడ్డాయి. ఒక్కదానిలోనూ వంపు లేదు. మడమ నుంచి వేళ్ళ దాకా, దోసె పోసినట్టు చదునుగా ఉన్నాయి.

ముగ్గుసుద్ద తెచ్చి, ఆరిపోకముందే ఒక అడుగు చుట్టూ గీత గీశాను.

"ఏం గీస్తుండావు ఆడ?" అన్నారు హాల్లోంచి.

"కృష్ణపాదాలు అత్తా."

"గోకులాష్టమి ఇంకా ఎంత దూరముంది?"

"ఇప్పట్నుంచే చెయ్యి తిప్పుకుంటున్నా," అని, మడమ వైపు గీతను జాగ్రత్తగా కలిపి, ఆ కొలత చెప్పుల కొట్టుకు తీసుకుపోవడానికి పాత పేపరొకటి దాని మీద పరిచి అదిమాను.