ఒక్కరు కూర్చునే కార్లు

దేవుడికి మనకు ప్రియమైనదే ఇవ్వాలన్నది రోసమ్మగారి సిద్ధాంతం. ఆ ఏడు కోత పండుగకు ఆమె కోడలికి ప్రియమైనవి ఇచ్చేసింది.

కోడలు ప్రేమమణికి ఆ సంగతి తెలియదు. ఆదివారం చీకటితో లేచి, మధ్యాహ్నం భోజనానికొచ్చే చుట్టాలకు కోడికూర వండి, మొగుడు ప్రభుదాస్ చొక్కా ఇస్త్రీ చేసి, తల దువ్వుకునే తీరిక లేక ముడేసుకుని స్కూటరు వెనక పక్కవాటుగా కూచుంది. ఒళ్లో గుడ్డ కప్పిన బుట్ట. "గుడ్డ తియ్యమాక, దేవుడి సొత్తు" అంది అత్తగారు, తను గుమ్మడికాయతో రిక్షా ఎక్కుతూ. ఆ మాటకు ఎదురెవరు చెబుతారు? రోసమ్మగారు ఒకసారి గొంతెత్తితే గార్డు ఈల అనుకుని సికింద్రాబాద్ స్టేషన్లో రైలు కదిలిపోయిందని రెజిమెంటల్ బజారంతా చెప్పుకునేది.

స్కూటరు గుంతలో పడ్డప్పుడల్లా బుట్ట గలగలమంది. స్టీలు గిన్నెలు కాబోలనుకుని ప్రేమమణి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

ఆరాధన అయ్యాక చర్చి ముందు షామియానా కింద వేలం మొదలైంది. కోత పండుగంటే ఎవరి పంట వాళ్లు తెచ్చి దేవుడికివ్వడం, దాన్నే మళ్లీ పాటలో కొనుక్కోవడం. పట్నంలో పంటలెక్కడివి? కేకులు, కోళ్లు, ప్లాస్టిక్ బకెట్లు. పాట పాడించేది సంఘపెద్ద యెషయా.

"ఈ పుంజు కూస్తే బేగంపేటల దిగే విమానం సుత ఆగుతది! పాడుండ్రి!"

పుంజు అమ్ముడుపోయింది. ఆ తర్వాత బుట్ట మీద గుడ్డ లేచింది.

ఇంట్లోని వస్తువు నలుగురి మధ్య కనబడితే కాసేపు పరాయిదిలాగే ఉంటుంది. ప్రేమమణి చూస్తూ కూచుంది. తను ఒక్కొక్కటే పోగేసుకున్న పాతకాలపు రేసు కార్ల బొమ్మలు, అరచేతిలో పట్టేవి. మొదటిది ఆఫీసు బస్సు కోసం నిలబడ్డప్పుడు పాతసామాన్ల భద్రయ్య కొట్లో దొరికింది. ఆకుపచ్చది ఇంగ్లాండుదనీ, ఎర్రది ఇటలీదనీ, నీలంది ఫ్రాన్సుదనీ తర్వాత్తర్వాత తెలుసుకుంది. కొత్తది వస్తే భద్రయ్య గోనె కింద దాచి ఉంచేవాడు. ఆమె ఒక్క రేసూ చూసి ఎరగదు, స్కూటరు నడపడమూ రాదు. కానీ ఆ కారుకి పైకప్పు లేదు, డిక్కీ లేదు, వెనక సీటు లేదు, పక్క సీటు లేదు. టిఫిను డబ్బా పెట్టడానికైనా చోటు లేదు. ఒక్క మనిషి, ఒక్క స్టీరింగు. "సంసారమున్నవాళ్లు ఎక్కే బండేనా ఇది?" అని ప్రభుదాస్ వచ్చినవాళ్లందరికీ చూపించి నవ్వేవాడు. "నువ్వు నడిపి ఎవర్ని ఉద్ధరించాలే?" అనేది అత్తగారు. ఆఫీసులో టైపు మిషను పక్కన ఒకటి పెట్టుకుంటే, "మీవారి హాబీనా?" అన్నాడు మేనేజరు. అవునండీ అంది. అవునంటే మాట తొందరగా తెగుతుంది.

"యాభై!" అన్నాడు యాప్రాల్ జీవరాజు, రిటైరైన మిలిటరీ మనిషి. "మనవలు రెండు దినాలు పలగ్గొట్టుకుంటరు."

"వంద." గొంతు ఆడవాళ్ల చాపల మీంచి వచ్చింది. అది తనదేనని ప్రేమమణికి కాస్త ఆలస్యంగా తెలిసింది.

యెషయా మగవాళ్ల కుర్చీల వైపు చూశాడు. ఆడవాళ్లు పాడకూడదని ఎక్కడా లేదు, పాడేవాళ్లు. కాకపోతే ఇంటాయన తలూపాకే అది పాట అయ్యేది.

"ప్రభుదాసన్నా, ఏమంటవ్? నీ ఇంట్లకెల్లి వచ్చినయ్ మళ్ల నీ ఇంటికే పోవాల్నా?"

అందరూ నవ్వారు. ప్రభుదాసూ నవ్వి, చెయ్యి అడ్డంగా ఊపాడు. "పోనియ్యండి. ఇంట్లో కాస్త చోటన్నా మిగులుద్ది."

"యాభై, ఒకటోసారి!"

ప్రేమమణికి కోపం రాలేదు. రాకపోవడమే ఆమెకు వింతగా ఉంది. వంద అని తను అంది, షామియానా అంతా విని నవ్వింది కూడా. అయినా అననట్టే యాభై దగ్గరే నడుస్తోంది పాట. ఇంట్లో నడుం నొప్పి అన్నప్పుడు ఇలాగే, పుట్టింటికి వెళ్లొస్తానన్నప్పుడు ఇలాగే. పేపరు చదువుకుంటున్నారు, వినబడలేదు పాపం, అనుకునేది. వినబడుతూనే ఉందన్నమాట, ఇన్నేళ్లూ.

"రెండోసారి!"

లేచి నిలబడి కొంగు సర్దుకుంది. "యెషయా గారూ, పాడింది నేనండీ. అటు చూస్తారేం?"

"గది గాదమ్మా, ఇంటాయన జెర..."

"ఇంటాయన పాడలేదు కదండీ. నూటయాభై అంటున్నా. ఒకటో తారీఖున నా జీతం కవరు నేనే విప్పి, తెచ్చి కడతాను."

ప్రభుదాస్ నవ్వు ఎక్కడ దించాలో తెలియక మొహం మీదే మోస్తూ కూచున్నాడు. చాపల మీద ఎవరో దగ్గారు. జీవరాజు మీసం దువ్వుకుని, "మనతోని గాదు బాబూ, పోనియ్యి" అని చేతులెత్తేశాడు. యెషయా అలవాటు కొద్దీ కుర్చీల వైపు ఇంకోసారి చూసి, అక్కడేమీ దొరక్క చాపల వైపు తిరిగాడు.

"నూటయాభై, మూడోసారి. ప్రేమమణమ్మ పాట."

గేటు దగ్గర రోసమ్మగారు అడ్డం నిలబడింది. ఎప్పుడూ లేనిది, గొంతు తగ్గించే అడిగింది. "నలుగుర్లో నా కొడుక్కి మొహం లేకుండా చేశావు. ఇంతా చేసి వాటిని ఏం చేసుకుంటావే?"

ప్రేమమణి బుట్ట చంకకు మార్చుకుంది.

"ఏమీ చేసుకోను అత్తమ్మా. ఆ ఇంట్లో నేనేమీ చెయ్యక్కర్లేనివి ఇవొక్కటే."