కోమలాదేవి ఉంచిన రిబ్బను

జ్యేష్ఠమాసపు మధ్యాహ్నమున సముద్రముమీది యుప్పుగాలి సైతము అలసి యొడ్డుననే నిలిచిపోగా, నిప్పులు చెరుగు ఎండకు వెఱచి విశాఖపట్టణపు వీథులన్నియు నిర్జనములై యుండగా, రేకుల పైకప్పుగల యొక క్రీడామందిరమున మాత్రము వందలకొలది జనులు చెమటతో తడిసి మడిచిన కాగితములతో విసరుకొనుచు ఒక బాలిక ఎప్పుడు తప్పు చేయునా యని కన్నార్పక వేచియుండిరి. శీతలయంత్రములు లేకపోలేదు. గాలి సోకినచో రిబ్బను వంకరపోవునని వానిని ఆపివేసిరి. ఉక్కపోతకు జనులకు మఱింత కోపము వచ్చినది.

ఆ బాలిక పేరు నీలవేణి. సంగీతమునకు అనుగుణముగా తివాచీపై ఎగురుచు దొరలుచు దేహమును విల్లువలె వంచుచు పొడవాటి రిబ్బనును గాలిలో సుడులు తిప్పు రిథమిక్ జిమ్నాస్టిక్స్ అను నిర్దయమైన విద్యను పాలపండ్లు ఊడు ప్రాయముననే ఆరంభించి పదునేడవయేట దేశపు జట్టు గుమ్మము దనుక వచ్చిన పిల్ల. జట్టులో మిగిలినది ఒక్క చోటు. వెన్నెముక బీటవాఱియున్నందున ఈ యేడు దాటిన పిమ్మట తివాచీ మొగము చూడవలదని వైద్యులు ఖండితముగా చెప్పిరి. నేడు నెగ్గినచో జట్టు, లేనిచో ఇల్లు. మూడవ దారి ఆమెకు లేదు.

ఆ వెన్ను విఱిచిన మహాతల్లి, ఆమెకు తొలి గురువైన కోమలాదేవి. పేరునందు తక్క ఆమెయం దెచ్చటను కోమలత్వము లేదు. కాళ్లు చెఱియొక దిక్కునకు చాచి కూర్చున్న పసిపిల్లల భుజములపై తన బరువంతయు మోపి అణచుటయు, వారు ఏడ్చినచో పాట శబ్దమును పెంచుటయు, వారి కంచములలోని అన్నమును చూచి మొగము చిట్లించుటయు ఆమె శిక్షణకు మూలసూత్రములు. నడుము నొప్పి యని నీలవేణి కన్నీళ్లతో చెప్పుకొన్ననాడు నాటకములు చాలించుమని కసరి ఆమెచేత మరల మరల గంతులు వేయించెను. బీట పడినది ఆనాడే. మంచము దిగిన నీలవేణి వేఱొక శిక్షణాలయమునకు పోయెను. అప్పటినుండి కోమలాదేవి ఆమెను కృతఘ్నురాలని ఊరంతయు చాటెను. పిల్ల పేరు పత్రికల కెక్కిన పిమ్మట మాత్రము సిగ్గువిడిచి మాట మార్చి, తన చేతిపిల్ల యని చెప్పుకొన నారంభించెను.

పోటీకి ఆతిథ్యమిచ్చినవారు ఒక అదనపు రిబ్బనును ఇస్త్రీ చేసి తివాచీ యంచున ఉంచుట ఈ క్రీడలో ఆచారము. ఆటగత్తె రిబ్బను ముడిపడినచో దానిని విడిచి ఇది యందుకొనవచ్చును. ఈసారి ఆతిథ్యము కోమలాదేవిది. ఆమె స్వహస్తములతో ఇస్త్రీ చేసి రిబ్బనును అంచున పఱచెను. చూచినవారు దానిని దయ యనుకొనిరి. దయయు లేదు, మన్నును లేదు. పిల్ల నెగ్గినచో పేరు పంచుకొనవలెనను ఆశయే యది.

ఆమె తివాచీ యొద్ద నిలిచి నీలవేణి దారి కడ్డువచ్చెను.

"ఏటే, గురువుకి దండం ఎట్టడం కూడా మర్సిపోనావా? ఎక్కడికెల్లినా నువ్వు నా సేతి పిల్లవే. ఇయాల నెగ్గు, పేపరోళ్లకి నేనే సెప్తాను."

"సెప్పుకుందురు గాని మేడమ్, ముందు దారియ్యండి," అని నీలవేణి తివాచీ యెక్కెను.

సంగీతము మొదలయ్యెను. ఆమె విసరిన రిబ్బను పైకప్పు నంటునట్లు ఎగసి మరల ఆమె చేతికే వచ్చి చేరెను. తప్పుకై వేచిన జనులే చప్పట్లు చఱచిరి. న్యాయనిర్ణేతలు తలలు పంకించిరి. చోటు ఆమెదే యని అందఱు తలచుచుండగా, ఉక్కకు చెమ్మగిలిన రిబ్బను దానికదే చుట్టుకొని గట్టి ముడి పడెను.

విడిచి మఱియొకటి యందుకొన్నచో పోవునవి స్వల్పములైన మార్కులు. ముడితోనే ఆడినచో ప్రతి సుడికిని కోత తప్పదు. ఇది పసిపిల్లలకును తెలిసిన లెక్క. నీలవేణి అంచువైపు పరుగెత్తెను. చేయి చాచెను. అప్పుడు తల యెత్తి చూడగా ఆ రిబ్బనునకు ఆవల కోమలాదేవి ఒక పత్రికలవాని ప్రక్కన గడ్డమెత్తి నిలిచి, అప్పుడే గెలిచినట్లు నవ్వుచుండెను.

చాచిన చేయి వెనుకకు పోయెను. "ఒగ్గెయ్! అది తీసుకో!" అని జనులు గగ్గోలు పెట్టుచుండగా ఆమె ముడిపడిన రిబ్బనుతోనే మిగిలిన ఆటనంతయు ఆడెను. అది గాలిలో ఎగురక తివాచీపై తాడువలె ఈడ్వబడెను. ఆమె మొగమున మాత్రము చిఱునవ్వు చెదరలేదు.

వెండ్రుకవాసిలో ఆ చోటు వేఱొక బాలికకు పోయెను.

కోమలాదేవి రొప్పుచు పరుగున వచ్చెను.

"ఎదురుగానే ఉంది కదే! ముడి పడితే ఒగ్గెయ్యాలని ఎన్నిసార్లు సెప్పాను? ఎందుకు ముట్టుకోనేదు?"

"మీరెట్టారు కాబట్టి."

"మతి పోనాదేటి? నీ బతుకు నీ సేతుల్తోనే పాడుసేసుకున్నావు కదే!"

"అవును మేడమ్, నా సేతుల్తోనే. ఇందులో మీ సెయ్యి నేదు. ఎల్లి పేపరోళ్లకి ఈ మాట కూడా సెప్పండి."

పత్రికలవాడు అప్పటికే గెలిచిన బాలిక చుట్టు తిరుగుచుండెను. ద్వేషము తన్ను మోయువారికే ముందుగా బరువగును. ఆ సంగతి యెఱిగియు ఆ పిల్ల దానిని దింపలేదు, దింపుమని చెప్పు అర్హత అచ్చట నెవ్వరికిని లేదు. నీలవేణి నడుము పట్టుకొని తెర వెనుకకు పోయి, నేలపై కూలబడి, వెక్కి వెక్కి ఏడ్చెను. ఆ యేడుపు కోమలాదేవికి వినబడెను. పిల్లల యేడుపును పాటతో కప్పివేయుట ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. కాని అప్పుడు పాట లేదు. తెర తొలగించినచో ఆ పిల్ల తలయెత్తి తనవంక చూచునేమో యని, జీవితమున మొదటిసారిగా, ఆమెకు భయము కలిగెను.