ఎం. సుగంధి ప్రయాణాలు

"ఏమ్మే, చట్నీలో ఉప్పు లేదు" అని శరవణన్ అన్నప్పుడు నేను ఒక చేత్తో దోసె తిరగేస్తూ ఇంకో చేత్తో డబ్బాలో పెరుగన్నం సర్దుతున్నాను. ఉప్పు సీసా నా మొగుడి మోచేతికి ఆనుకునే ఉంది. అయినా నేనే వెళ్లి తీసి చేతికిచ్చాను. పదహారేళ్లుగా అలాగే ఇస్తున్నాను కాబట్టి ఆ సీసాకి కాళ్లున్నాయని ఆయన నమ్మకం. అప్పటికి నేను లేచి రెండున్నర గంటలైంది. మగ్గానికి కావలసిన కండెలు చుట్టాను, అత్త రాజామణికి వేణ్ణీళ్లు పెట్టాను, కూతురు నిత్య యూనిఫాం ఇస్త్రీ చేశాను. తిరుత్తణి స్టేషన్‌లో రైలు ఎవరికోసమూ ఆగదు. ఆ రైలెక్కి లేడీస్ పెట్టెలో కూలబడితే తప్ప నాకు ఊపిరాడదు. మా ఇంట్లో నా పేరున్నవన్నీ, బ్యాంకు కార్డు మొదలుకుని రేషన్ కార్డు దాకా, శరవణన్ బీరువాలోనే ఉంటాయి. రైలు సీజన్ టిక్కెట్టు ఒక్కటే నా దగ్గర ఉంటుంది. దాన్ని ఇంకొకరు వాడుకోవడానికి వీల్లేదు కదా, అందుకని.

తిరువళ్ళూరులో దిగి మణవాళనగర్ దాటితే మా కాలేజీ. అందులో విదేశీ విద్యార్థుల విభాగంలో నేను గుమాస్తాని. టాంజానియా, భూటాన్, సూడాన్ నుంచి పిల్లలు వస్తారు. వాళ్లకి నగరంలో బస్సుకీ మెట్రోకీ లోకల్ రైలుకీ పనికొచ్చే ప్రయాణపు కార్డు చేసిస్తాను. ఆ కార్డు చూపిస్తే విద్యార్థి ఛార్జీయే పడుతుంది. రెండేళ్ల కిందట ఆ మిషను పెట్టడానికి వచ్చినాయన నమూనాకి ఒక కార్డు చేసి చూడమన్నాడు. నా ఫోటో తీసుకుని, నా వివరాలే కొట్టాను. దేశం దగ్గర ఇండియా అంటే మిషను ఒప్పుకోలేదు, విదేశీ కార్డు కదా. "ఏదో ఒకటి పెట్టమ్మా" అన్నాడాయన. "ఇతర" అని పెట్టాను. పేరు మాత్రం వేళ్లు వాటంతట అవే కొట్టేశాయి: ఎం. సుగంధి. మా వైపు పేరు ముందు ఇంటిపేరు రాయరు, తండ్రి పేరులోని మొదటి అక్షరం రాస్తారు. పెళ్లయ్యాక ఆ చోటికి మొగుడి అక్షరం వచ్చేస్తుంది. మునుసామి కూతురుగా ఎం. సుగంధినై, శరవణన్ పెళ్లాంగా ఎస్. సుగంధినయ్యాను. మరి ఇన్నేళ్ల తర్వాత ఆ పాత అక్షరం ఎక్కణ్ణుంచి ఊడిపడిందో తెలియదు.

నమూనా కార్డుని ఆ రోజే కత్తిరించి పారేయాలి. అది నియమం. కాని నేను ఆర్.కె.పేట నేతవాళ్ల ఇంట్లో పుట్టినదాన్ని. మా ఇళ్లల్లో తెగిన పోగు కూడా పారేయం, ఎక్కడో ఒకచోట ముడివేయడానికి పనికొస్తుందని దాచుతాం. ఆ బుద్ధితోనే కార్డుని ఒక కవర్లో పెట్టి, అతికించి, సొరుగులో వేసి తాళం వేశాను. తాళంచెవి నా పసుపుతాడుకి పిన్నీసుతో ఉంటుంది. తర్వాత దాని సంగతే మరిచిపోయాను.

మొన్న ఆగస్టు నెల ప్రయాణాల పట్టిక తీస్తుంటే నలభై ఒకటో వరుసలో ఆ పేరు కనిపించింది. ఎం. సుగంధి. దేశం: ఇతర. కింద ఒకటి రెండు కాదు, నెల పొడవునా ప్రయాణాలే. తిరువళ్ళూరు నుంచి సెంట్రల్. సెంట్రల్ నుంచి ఎగ్మూరు మ్యూజియం. ఒక ఆదివారం పొద్దున పదకొండు గంటలకి లైబ్రరీ స్టాపు. ఇక సాయంత్రాలన్నీ ఒకటే చోటు, ఆరూ నలభై ప్రాంతంలో, సముద్రానికి ఎదురుగా ఉన్న ఆడపిల్లల కాలేజీ స్టాపు. దాన్ని వేలు పెట్టి మళ్లీ చదివాను. ఆ కాలేజీలో నాకు పద్దెనిమిదేళ్లప్పుడు సీటొచ్చింది. విద్యార్థి సీజన్ టిక్కెట్టు కోసం ఫారం కూడా నింపి సంతకం పెట్టాను. "ఆడపిల్ల రోజూ పట్నం పోయి రావడమేంది?" అని మేనమామలు అన్నారు, నాన్న తల దించుకున్నాడు. ఆ ఊరికి నేను పోనేలేదు.

సొరుగు తాళం తీసి చూశాను. కవరు అతికించినట్టే ఉంది. చించి చూస్తే లోపల కార్డు ఉంది. రెండేళ్లుగా చీకట్లో పడున్న కార్డు అంచులు మాత్రం రోజూ పర్సులోంచి తీసి పెట్టినట్టు అరిగిపోయాయి. కవరు అడుగున ఇసుక గోటికి తగిలింది. గబుక్కున సొరుగు మూసేసి, ఎవరైనా చూశారా అని అటూ ఇటూ చూశాను. ఏ తప్పూ చేయకుండానే దొంగచూపులు చూడటం మాకు బాగా అలవాటు.

మధ్యాహ్నం టాంజానియా పిల్ల నీమా కార్డు పొడిగించుకోవడానికి వచ్చింది. ఎప్పుడూ నవ్వుతూ ఉండే పిల్ల, ఆ రోజు కొంచెం అలిగినట్టు ఉంది. "మేడం, శుక్రవారం బీచ్ దగ్గర మిమ్మల్ని పిలిచాను. మీరు నన్ను చూసి కూడా చూడనట్టే ఉన్నారు" అని ఇంగ్లీషులో అంది. నేను కాదమ్మా, ఇంకెవరో అన్నాను. "మీరే మేడం. జుట్టు విరబోసుకుని ఉన్నారు. చాలా బాగున్నారు. ఆఫీసులో మీరు అంత బాగుండరు" అంది. ఆ మాటకి ముందు భయం వేసింది. ఆ వెనకాలే అసూయ వేసింది. నా మీద నాకే.

పట్టిక ఆరోగ్యస్వామి సార్ కంటపడకుండా ఉండదు. ఆయన మా విభాగానికి పెద్ద. "ఎన్నమ్మా ఇదు, ఏమిటిది?" అని కళ్లజోడు పైకి నెట్టుకున్నాడు. కార్డు సొరుగులోనే ఉందని చూపించాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు. "శుక్రవారం సాయంత్రానికల్లా దీన్ని బ్లాక్ చేసెయ్" అని, నన్ను అడగనైనా అడగకుండా నా ముందే శరవణన్‌కి ఫోన్ చేశాడు. ఆడవాళ్ల సంగతి కదా, ఇంటాయన చెవిన వేయడం మర్యాదట. పట్టికని వాట్సాప్‌లో పంపించాడు కూడా. ఇరవై మంది మగవాళ్లున్న ఆ ఆఫీసులో ఎవరి తప్పు గురించీ ఎవరి పెళ్లానికీ ఫోను పోవడం నేను చూడలేదు.

ఇల్లు చేరేసరికి శరవణన్ కుర్చీలో కూర్చుని ఫోన్ చూస్తున్నాడు. అత్త తమలపాకు నములుతోంది. నిత్య పుస్తకం ముందు పెట్టుకుని వింటోంది.

"పన్నెండో తేదీ ఆరూ నలభైకి బీచ్ కాడ ఏం పని నీకు? ఎవురితో తిరగతా వుండావు?"

"ఆ పొద్దు నేను ఇంట్లోనే వుంటిని బావా. లీవు పెట్టినాను గదా, అత్తకి ఒళ్లు బాగలేదని. నీకు అడై దోసె పోసి పెట్టినాను."

"అడై తిన్నాను. పెట్టింది ఎవురో మొగం చూసుకుంటా కూచుంటానా నేను?"

కోపంతో అన్న మాట అనుకున్నాను. కాని ఆయన నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తున్నాడు. నుదురు ముడిపడింది. అత్త వైపు తిరిగి, "అమ్మా, ఆ పొద్దు ఇది ఇంట్లో వుండిందా?" అని అడిగాడు.

"కాళ్లకి తైలం రాసినారు" అంది అత్త ఆలోచిస్తూ. "చేతులు తెలిసినాయి. మొగం నేను చూడలేదబ్బా. టీవీ చూస్తా వుంటిని."

నేను నిత్య దగ్గరికి వెళ్లాను. "నువ్వు చెప్పు కన్నా, ఆ పొద్దు అమ్మ ఇంట్లో లేదా?"

"టిఫిన్ వుండె గదమ్మా" అంది నిత్య. "అందుకని నువ్వు వుంటివేమో."

ఎవరూ అబద్ధం చెప్పలేదు. అదే నన్ను వణికించింది. వాళ్లు నన్ను అనుమానించి నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఏడ్చేసి ఊరుకునేదాన్ని. ముగ్గురు మనుషులు, ముగ్గురూ నా చేతి తిండి తిన్నవాళ్లు, ఆ సాయంత్రం నేనున్నానో లేదో నిజంగా చెప్పలేకపోయారు. పోనీ నాకైనా గుర్తుందా అని ఆ రాత్రి పడుకుని తలుచుకున్నాను. పెనం వేడి గుర్తుంది. పప్పు నానిన వాసన గుర్తుంది. తైలం జిడ్డు గుర్తుంది. వాటి మధ్య నేను మాత్రం లేను. ఏ జడ్జి ముందు నిలబెట్టినా, నేను ఇంట్లోనే ఉన్నానని నేనే ప్రమాణం చేయలేను. మరునాడు శరవణన్ తీర్పు చెప్పేశాడు. "శుక్రవారం దాన్ని బ్లాక్ చేసి, అట్నే రాజీనామా కూడా రాసిచ్చి రా. నువ్వు సంపాదించింది చాలు." రోజూ రెండు గంటలు రైల్లో కిటికీ పక్కన నేను నాకోసం కూర్చునేదాన్ని. ఆ కాసిన్ని గంటలూ కూడా ఇంటికే చెల్లిపోతాయన్నమాట.

శుక్రవారం మూడు గంటలకి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. "ఈ కార్డును శాశ్వతంగా రద్దు చేయాలా?" అని అడిగింది. పక్కనే నా ఫోటో. దేశం: ఇతర. వేలు మీట మీద ఉంది కాని కదల్లేదు. మా ఇద్దరిలో ఆమె ఒక్కతే ఎక్కడికైనా వెళ్లొచ్చింది, ఆమె గొంతు నా చేత్తోనే నులమాలా అనిపించింది. కనీసం ఒకసారి చూసి, నువ్వెవరివని అడిగిన తర్వాతైనా చేయొచ్చు కదా. రాజీనామా కాగితం తెల్లగా బల్ల మీదే ఉంది. ఫోన్ సొరుగులో పడేసి, కార్డు తీసుకుని లేచాను.

స్టేషన్‌లో తిరుత్తణి వైపు ప్లాట్‌ఫారం కాదు, అవతలిది ఎక్కాను. కార్డు ఆనించగానే పచ్చలైటు వెలిగింది. సెంట్రల్ బయట బస్సెక్కితే కండక్టర్ మిషనుకి కార్డు ఆనించి చీటీ ఇచ్చాడు. దాని మీద విద్యార్థి అని ఉంది. ఆయన నా మొహమూ నెరుస్తున్న పాపిటా చూసి కూడా పక్క సీటుకి వెళ్లిపోయాడు. కిటికీలోంచి వచ్చే గాలికి జుట్టు ముడి వదులైపోతుంటే రెండుసార్లు బిగించి, మూడోసారి వదిలేశాను.

కాలేజీ స్టాపులో దిగి బెంచీ మీద కూర్చున్నాను. ఎదురుగా సముద్రం, ముప్ఫై తొమ్మిదేళ్లకి మొదటిసారి. ఆరున్నరైంది. పక్కన చోటు ఖాళీగా ఉంచి చీరకొంగు పరిచాను, ఆమె వస్తే కూర్చోవాలి కదా. ఆరూ నలభై అయింది. ఏడైంది. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి, ఆడపిల్లలు గుంపులుగా ఎక్కుతున్నారు. ఎవరూ రాలేదు.

"ఈవాళ నన్ను చూశారు మేడం!" నీమా పరుగున వచ్చి నా పక్కన కూర్చుంది. చేతిలో మొక్కజొన్న కంకి. "మీరు రోజూ ఈ బెంచీ మీదే కదా కూర్చుంటారు."

అప్పుడు ఇల్లు గుర్తొచ్చింది. నిత్య ఆకలితో ఉంటుంది. అత్త మాత్ర వేసుకోదు. శరవణన్ ఈపాటికి ఊరంతా వెతుకుతుంటాడు, పోలీసుల దాకా వెళ్లుంటాడు. నీమా ఫోన్ అడిగి తీసుకుని నంబరు నొక్కాను. రెండోసారి మోగగానే ఎత్తాడు. గొంతులో కంగారేమీ లేదు. నోట్లో ముద్ద ఉన్నట్టుంది.

"ఎవురది?"

"నేను బావా. సుగంధిని."

"ఏ సుగంధి? సుగంధి ఇంట్లోనే వుంది, బిడ్డకి జడేస్తా వుంది. రాంగ్ నంబరు."

వెనకనుంచి గాజుల చప్పుడు వినిపించింది. నొప్పి పుట్టకుండా చిక్కు తీసేటప్పుడు వచ్చే చప్పుడది. ఆ వెంటనే, "ఎవురు బావా, ఫోన్లో?" అని ఒక ఆడగొంతు అడిగింది. అలసిపోయి, అణిగిమణిగి ఉన్న గొంతు. పదహారేళ్లుగా నేను మాట్లాడుతున్న గొంతు.

అది నేను కాదు అని అరవాలి. నిత్య తల మీద ఉన్న చేతులు నావి కావని చెప్పాలి. నోరు తెరిచాను. అటువైపు ఆమె కూడా ఊపిరి బిగబట్టి, నేనేమంటానా అని వింటున్నట్టే అనిపించింది.

"అవునండీ, రాంగ్ నంబరే" అన్నాను.